స్టో తోటలోని రాతి ఆలయాలను ఎలా చూడాలి

ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్‌లో, బకింగ్‌హామ్ పట్టణానికి దగ్గరలో, స్టో అనే పాత ప్రభువుల భవనమూ దాని చుట్టూ సుమారు 250 ఎకరాల తోటా ఉన్నాయి. ఆ తోటలో 40కి పైగా కట్టడాలున్నాయి. వాటిలో చాలావాటి పేరులో ‘టెంపుల్’ అనే మాట కనిపిస్తుంది. ఆ మాటను చూసి వాటిని మన గుళ్లవంటివని అనుకోకూడదు. వాటిలో గర్భగుడి లేదు, పూజ లేదు, ధ్వజస్తంభం లేదు. పద్దెనిమిదో శతాబ్దపు మొదటి సగంలో ఈ ఎస్టేటుకు యజమానిగా ఉన్న వైకౌంట్ కోబమ్ (1675–1749) అసలు పేరు రిచర్డ్ టెంపుల్. ‘ఆలయములు ఎంత రమ్యములు’ అనే అర్థం వచ్చే ‘టెంప్లా క్వామ్ డిలెక్టా’ అన్న లాటిన్ మాటలు ఆ వంశపు నినాదం. బైబిలులోని 84వ కీర్తన తెలిసినవారు ఆ మాటల మూలాన్ని వెంటనే పోల్చుకుంటారు. తన ఇంటిపేరునూ, వంశపు నినాదాన్నీ, తన రాజకీయ విశ్వాసాలనూ కలిపి కోబమ్ రాతిలో కట్టించాడు.

మిల్టన్ కీన్స్, రీడింగ్, లండన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఒక్కరోజులో వెళ్లి రాగల చోటు. అయితే వెళ్లినవారిలో చాలామంది చెరువు ఒడ్డున నిలబడి, వెనుక స్తంభాలు వచ్చేటట్టు ఫోటోలు తీసుకొని, ‘తోట బాగుంది’ అని తిరిగివస్తారు. నా మొదటి సందర్శన కూడా అలాగే ముగిసింది. తరువాతి సందర్శనల్లో నాకు పనికివచ్చిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. దాని సారం ఒక ప్రశ్నలో ఉంది: ఏ కట్టడం ముందు నిలబడినా, ‘ఈ రాయి మొదటినుంచీ ఇక్కడే ఉందా?’ అని అడగాలి. స్టోలో రాళ్లు కదిలాయి. కొన్ని ఒక ఆలయం నుంచి ఇంకొక ఆలయానికి వెళ్లాయి, కొన్ని వేలంలో అమ్ముడుపోయాయి, కొన్నింటి స్థానంలో ప్రతిరూపాలు నిలబడ్డాయి. ఆ కదలికలను పట్టుకోగలిగితే తోట చరిత్ర దానంతట అదే తెలుస్తుంది.

వెళ్లే ముందు

ఇటువంటి తోటకు వేసవిలో వెళ్లాలని అందరూ అనుకుంటారు. రాయిని చూడదలచినవారు నవంబరు నుంచి మార్చి మధ్యలో, ఎండ కాసే రోజు చూసుకొని వెళ్లాలి. అప్పుడు చెట్ల ఆకులు రాలిపోయి, వేసవిలో కనిపించని కట్టడాలు దూరం నుంచే కనిపిస్తాయి. అంతకన్నా ముఖ్యమైన కారణం వెలుతురు. డిసెంబరు చివర హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటే, అదే రోజు స్టోలో సుమారు 15 డిగ్రీల ఎత్తుకే చేరుతాడు. అంత వాలుగా పడే ఎండలో ప్రతి ఉలిదెబ్బకూ నీడ ఏర్పడుతుంది. నడినెత్తి ఎండలో చదునుగా కనిపించే గోడ మీద శిల్పి చేతిపని అంతా తేలివస్తుంది. మబ్బు పట్టిన రోజున రాయి రంగు మాత్రం బాగా తెలుస్తుంది గనుక, అవకాశం ఉంటే రెండు రకాల వెలుతురులోనూ చూడడం మంచిది.

చేతిలో ఒక బైనాక్యులర్స్, ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. పైకప్పు అంచున, స్తంభాల తలల దగ్గర ఉన్న పనితనం కంటికి ఆనదు, బైనాక్యులర్స్‌కే అందుతుంది. నీళ్లు దూరని బూట్లు తప్పనిసరి, ఎందుకంటే గడ్డినేల చలికాలమంతా తడిగానే ఉంటుంది. భవనంలో 1923 నుంచి బడి నడుస్తోంది. తోట 1989 నుంచి, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ సంరక్షణలో ఉంది. అందువల్ల భవనం లోపలికి వెళ్లే వేళలూ తోట వేళలూ వేరువేరుగా ఉంటాయి, రెండింటినీ ముందే చూసుకోవాలి. నలభై కట్టడాలనూ ఒక్కరోజులో చూడాలని పూనుకోవద్దు. అయిదారు చాలు.

రాయిని గుర్తుపట్టడం

మన కళ్లు గ్రానైటుకు అలవాటుపడ్డాయి. ఓరుగల్లు తోరణాలను చూసి పెరిగినవారికి వందల ఏళ్లు గడిచినా అంచు మొక్కవోని రాయి అంటే ఏమిటో తెలుసు. స్టోలోని రాయి ఆ జాతిది కాదు. ఒక్క కట్టడం తప్ప మిగిలినవాటిలో కనిపించేది లేత పసుపు, మీగడ రంగుల్లో ఉండే సున్నపురాయి. కోట్ల ఏళ్లనాటి సముద్రంలో గవ్వల పొడి, సున్నపు రేణువులు పేరుకొని గట్టిపడితే ఏర్పడిన రాయి అది. అమరావతి స్తూపపు శిల్పాలు చెక్కిన పల్నాటి రాయి కూడా సున్నపురాయే గనుక, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఆ శిల్పాలను దగ్గరగా చూసినవారికి సున్నపురాయి ఉలికి ఎంత సులువుగా లొంగుతుందో, ఎంత సన్నని గీతను నిలుపుకోగలదో తెలిసే ఉంటుంది. లొంగే గుణమే దాని బలహీనత కూడా: వానకు కరుగుతుంది, నీరు పీల్చుకుంటుంది, లోపల చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బితే పొరలుగా ఊడుతుంది.

దగ్గరికి వెళ్లగానే ముందు చూడవలసింది మరకలను. వాన నేరుగా కొట్టే చోట సున్నపురాయి కడిగినట్టు తెల్లగా ఉంటుంది. చూరు కింద, అంచుల అడుగున వాన తగలని చోట నల్లని పెంకు కట్టి ఉంటుంది. చూసేవారికి ఇది తిరగబడినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే వానకు తడిసినదే నల్లబడుతుందని మన అనుభవం. ఇక్కడ కారణం వేరు. బొగ్గు పొగలోని గంధకపు వాయువు సున్నపురాయితో కలిసి జిప్సం ఏర్పడుతుంది, అందులో మసి చిక్కుకుంటుంది. వాన పడే చోట అది కరిగి కొట్టుకుపోతుంది, పడని చోట పేరుకుపోతుంది. కాబట్టి ఆ నలుపు బొగ్గు కాలపు ఇంగ్లండు వదిలిపెట్టిన గుర్తు. ఒకే వరుసలో ఒక రాయికి ఆ నలుపు ఉండి, వాన తగలని చోటే ఉన్న పక్క రాయికి లేకపోతే, ఆ రెండో రాయి తరువాత వచ్చిందో లేక శుభ్రం చేయబడిందో అయి ఉండాలని నోటుపుస్తకంలో రాసుకోవచ్చు.

రాతి మీద బూడిద, నారింజ రంగుల్లో మచ్చలుగా పెరిగేవి నాచు కావు. మన వంటింట్లో మసాలాకు వాడే రాతిపువ్వు జాతికి చెందినవే అవి. చాలా నెమ్మదిగా పెరుగుతాయి గనుక, పెద్ద మచ్చ ఉన్న రాయి ఎంతోకాలంగా ఆరుబయట ఉందని అనుకోవచ్చు. వాటిని గోటితో గీరి చూడాలన్న కోరిక పిల్లలకు కలుగుతుంది, తప్పనిసరిగా ఆపాలి. అవి ఊడితే వాటితోపాటు రాతి పైపొర కూడా ఊడుతుంది.

ఆ తరువాత రాళ్ల మధ్య సందులను చూడాలి. పాత పనిలో రెండు రాళ్ల మధ్య సన్నని సున్నపు గీత ఉంటుంది. ఇక్కడ తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. గోల్కొండనూ చార్మినార్‌నూ నిలబెట్టిన డంగు సున్నం గురించి మనం విన్నవాళ్లమే. ఇంగ్లండులోనూ సిమెంటు వచ్చే వరకు సున్నమే రాతికి రాతికి మధ్య ఉండేది. సున్నం రాయికన్నా మెత్తన. గోడలో చేరిన తేమ ఆ సందుల గుండా బయటికి పోతుంది, అరిగితే సున్నమే అరుగుతుంది, రాయి మిగులుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాచోట్ల తెలియక ఆ సందుల్లో సిమెంటు నింపారు. సిమెంటు తేమను పోనివ్వదు. తేమ రాతి ముఖం గుండా బయటపడే ప్రయత్నం చేస్తుంది, చలికి గడ్డకడుతుంది, చివరకు సందు గట్టిగా నిలిచి రాయి అరిగిపోతుంది. ఏ పాత కట్టడం దగ్గరైనా సందు ముందుకు పొడుచుకొచ్చి, రాయి లోపలికి గుంటపడి కనిపిస్తే అది సిమెంటు చేసిన హాని అని గుర్తుపట్టండి. ఇది ఒక్కటి నేర్చుకున్నా మన ఊరి పాత బావి గట్టుకు సిమెంటు పూయడానికి ముందు ఒక్క క్షణం ఆగుతాం.

దూరం నుంచి మొదలుపెట్టడం

సందర్శకులు న్యూ ఇన్ అనే పాత సత్రం దగ్గర లోపలికి వస్తారు. తోట చూడడానికి వచ్చేవారికోసం దాన్ని 1717లో కట్టించారు. 1744లో బకింగ్‌హామ్ పట్టణవాసి బెంటన్ సీలీ ఈ తోటకు ఒక మార్గదర్శిని అచ్చు వేశాడు. పరాయివారు వచ్చి చూసి, చదివి, చర్చించుకోవాలనే ఉద్దేశం ఈ కట్టడాల్లో మొదటినుంచీ ఉందన్నమాట.

అక్కడినుంచి ఆక్టగన్ లేక్ ఒడ్డుకు చేరగానే నడవడం ఆపి, కనీసం పది నిమిషాలు ఒకేచోట నిలబడాలి. ఉత్తరాన పచ్చిక ఏటవాలు పైన భవనపు దక్షిణ ముఖం కనిపిస్తుంది. వెనక్కి తిరిగితే దూరాన గట్టు మీద 1765లో థామస్ పిట్ రూపొందించిన కొరింథియన్ ఆర్చ్ ఆకాశానికి ఎదురుగా నిలిచి ఉంటుంది. తోటలోని కట్టడాలను ఇంటివలె లోపలినుంచి బయటికి కాక, దూరం నుంచి దగ్గరికి ఆలోచించి కట్టారు. అందుకని ఏ ఆలయానికి వెళ్లినా ముందు దానిని చూడడానికి ఉద్దేశించిన చోటును వెతకాలి. దాదాపు ఎప్పుడూ అది నీటికి అవతలి ఒడ్డునో, చెట్ల వరుస మధ్య వదిలిన ఖాళీలోనో ఉంటుంది. అక్కడినుంచి చూశాకే దగ్గరికి నడవాలి.

ఎలీసియన్ ఫీల్డ్స్: ఎక్కువసేపు ఉండవలసిన చోటు

రోజులో సగం సమయాన్ని ఈ చిన్న లోయకే ఇవ్వమని నా సలహా. 1730లలో వాస్తుశిల్పి, తోటల రూపకర్త విలియం కెంట్ దీన్ని రూపొందించాడు. 1733లో ప్రధానమంత్రి రాబర్ట్ వాల్పోల్ తెచ్చిన ఎక్సైజ్ సుంకం బిల్లును కోబమ్ వ్యతిరేకించి పదవి పోగొట్టుకున్నాడు. ఆ కోపం ఇక్కడ రాయిగా మారింది.

గట్టు మీద గుండ్రంగా, చుట్టూ స్తంభాలతో, గుమ్మటంతో ఉన్నది టెంపుల్ ఆఫ్ ఏన్షెంట్ వర్చ్యూ, అంటే ప్రాచీన సద్గుణాల ఆలయం. ఇటలీలోని తీవొలి దగ్గర ఉన్న పురాతన గుండ్రని ఆలయం దీనికి ఒరవడి. లోపలి గూళ్లలో ప్రాచీన గ్రీకు ప్రముఖులు హోమర్, సోక్రటీస్, లైకర్గస్, ఎపమినోండస్ విగ్రహాలున్నాయి. శిల్పి పీటర్ స్కీమేకర్స్ చెక్కిన అసలు విగ్రహాలు 1921 వేలంలో అమ్ముడుపోయాయి. ఇప్పుడు మీరు చూసేవి ప్రతిరూపాలు. ఈ ఆలయం పక్కనే ఆధునిక సద్గుణాల ఆలయం అనే పేరుతో ఒక శిథిలాన్ని కావాలనే శిథిలంగా కట్టించారు. అందులో తల లేని విగ్రహం ఒకటి ఉండేది. అది వాల్పోలేనని అప్పటివారికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఇప్పుడు అక్కడ మిగిలినవి కొన్ని రాళ్లే, కానీ ఆ రాళ్లను వెతికి చూడకుండా ముందుకు సాగవద్దు. పూర్తిగా నిలిచిన ఆలయానికీ ఆ కుప్పకూ మధ్య ఉన్న తేడాలోనే కోబమ్ చెప్పదలచుకున్నది ఉంది.

గట్టు దిగి సన్నని నీటిపాయకు అడ్డంగా చూస్తే అవతలి ఒడ్డున అర్ధచంద్రాకారపు గోడ కనిపిస్తుంది. అది టెంపుల్ ఆఫ్ బ్రిటిష్ వర్దీస్, అంటే బ్రిటిష్ మహనీయుల ఆలయం, 1734–35 నాటి పని. గోడలో 16 గూళ్లు, ఒక్కొక్క గూటిలో ఒక్కొక్క ప్రముఖుని రొమ్ము వరకు చెక్కిన విగ్రహం, ప్రతిదాని పైనా చెక్కిన శాసనం. ఒకవైపు ఆలోచనతో పేరు పొందినవారు: షేక్‌స్పియర్, మిల్టన్, న్యూటన్, లాక్, బేకన్, కవి పోప్, వాస్తుశిల్పి ఇనిగో జోన్స్, వర్తకుడు గ్రెషమ్. రెండోవైపు కార్యదీక్షతో పేరు పొందినవారు: ఆల్ఫ్రెడ్ రాజు, బ్లాక్ ప్రిన్స్, ఎలిజబెత్ రాణి, మూడో విలియం, రాలీ, డ్రేక్, హాంప్డెన్, సర్ జాన్ బర్నార్డ్. పదహారు మందిలో ఒక్కరే స్త్రీ. పోప్, బర్నార్డ్ అప్పటికి బతికే ఉన్నారు. బర్నార్డ్‌కు చోటు దొరకడానికి కారణం అతడు పార్లమెంటులో అదే ఎక్సైజ్ బిల్లును ఎదిరించడం.

ఇక్కడ మన ప్రశ్న అడిగితే మంచి జవాబు దొరుకుతుంది. ఈ విగ్రహాలన్నీ ఈ గోడకోసం చెక్కినవి కావు. ఎనిమిదింటిని శిల్పి మైఖేల్ రిస్‌బ్రాక్ అంతకుముందే, వాస్తుశిల్పి జేమ్స్ గిబ్స్ కట్టిన మరో కట్టడంకోసం చెక్కాడు. కెంట్ ఈ గోడ కట్టినప్పుడు వాటిని ఇక్కడికి తెచ్చి, మిగిలిన ఎనిమిదింటిని స్కీమేకర్స్ చేత చెక్కించారు. ఆ గిబ్స్ కట్టడమూ తరువాత కదిలింది; ఇప్పుడది తోటలో ఇంకొకచోట ఫేన్ ఆఫ్ పాస్టొరల్ పొయెట్రీ అనే పేరుతో ఉంది. బైనాక్యులర్స్‌తో ముఖాలను ఒక్కొక్కటిగా పోల్చి, ఏవి ఏ శిల్పివో ఊహించి రాసుకోండి. జుట్టు చెక్కిన తీరు, బట్టల మడతల లోతు చూస్తే తేడా తెలుస్తుంది. తరువాత గోడ వెనక్కి తప్పక వెళ్లండి. అక్కడ సిన్యోర్ ఫీడో అనే ఇటలీవాడి సద్గుణాలను పొగిడే పొడవైన స్మారక శాసనం ఉంది. చివరి పంక్తికి చేరాక గాని అతడు మనిషి కాదనీ, వేటకుక్క అనీ తెలియదు.

వంతెన, ఎర్రరాతి ఆలయం

పల్లాడియన్ బ్రిడ్జ్ 1738 నాటిది. విల్ట్‌షైర్‌లోని విల్టన్ భవనపు తోటలో 1736–37లో కట్టిన వంతెన దీనికి నమూనా. అక్కడ వంతెన ఎక్కడానికి మెట్లున్నాయి. ఇక్కడ గుర్రపు బండ్లు పోవాలి గనుక ఏటవాలు దారి ఉంది. ఒకప్పుడు దీని తూర్పు వైపు స్తంభాలు లేవు, గోడ ఉండేది. ప్రపంచపు నాలుగు ఖండాలు తమ సంపదలను బ్రిటానియాకు, అంటే స్త్రీరూపంలో ఊహించిన బ్రిటన్‌కు, తెచ్చి సమర్పిస్తున్నట్టు స్కీమేకర్స్ చెక్కిన ఫలకం ఆ గోడ మీద ఉండేది. 1760లలో ఆ ఫలకాన్ని తీసి వేరొకచోటికి పంపి, గోడ స్థానంలో స్తంభాలు నిలిపారు. ఎక్కడికి పంపారో కాసేపట్లో చూస్తాం. ఒకప్పుడు బ్రిటన్ వలసగా ఉన్న దేశం నుంచి వచ్చినవారు ఆ ఫలకాన్ని ఇంగ్లీషువారు చూసినట్టు చూడలేరు. చూడనక్కర కూడా లేదు.

వంతెన నుంచి ఎత్తుకు ఎక్కితే, మిగిలిన తోటతో ఏమాత్రం పొత్తు లేని ఇటుక ఎరుపు రంగులో గోథిక్ టెంపుల్ కనిపిస్తుంది. స్టోలో ఇనుపరాయితో కట్టినది ఇదొక్కటే. 1741లో గిబ్స్ రూపొందించాడు, నేల మీద ఆకారం త్రికోణం. రోమన్ తరహా ఆలయాలన్నీ లేత రంగులో ఉండగా, ఆంగ్ల జాతి ప్రాచీన స్వాతంత్ర్యాన్ని పొగడడానికి కట్టిన దీనికి మాత్రం వేరే రాయి ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ఇనుపరాయిలోని ఇనుము గాలికి తుప్పుపట్టడం వల్ల ఆ రంగు వస్తుంది. లోపలి భాగాన్ని ఇప్పుడు సెలవు బసగా అద్దెకిస్తారు గనుక, మామూలు రోజుల్లో బయటినుంచే చూడాలి.

ఈ ఆలయం చుట్టూ ఒకప్పుడు రిస్‌బ్రాక్ చెక్కిన ఏడుగురు సాక్సన్ దేవతల విగ్రహాలు ఉండేవి. ఇంగ్లీషులో వారంలోని ఏడు రోజులకు ఆ ఏడుగురి పేర్లు. సున్న, మోన, తివ్, వోడెన్, తూనర్, ఫ్రిగ, సీటర్న్ అని వరుసగా చదివితే మనకు ఆదిత్యుడు, సోముడు, మంగళుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని వరుసే వినిపిస్తుంది. ఈ రెండు పట్టికలకూ మూలం ప్రాచీన గ్రహవారాల లెక్కే. మన గుళ్లలో నవగ్రహ మంటపం చుట్టూ తిరిగినవారికి ఈ విగ్రహాల దగ్గర కలిగే పరిచయభావం ఇంగ్లీషు సందర్శకులకు కలగదేమో. అసలు విగ్రహాలు 1921–22 ప్రాంతంలో అమ్ముడుపోయి చెల్లాచెదరయ్యాయి. వాటిలో సున్న, తూనర్ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. తోటలో ఉన్నవి ప్రతిరూపాలు. వీలైతే రెండింటినీ చూడండి.

టెంపుల్ ఆఫ్ కాంకర్డ్ అండ్ విక్టరీ

చివరగా గ్రీషన్ వ్యాలీకి రావాలి. స్టోలో 1741 నుంచి 1751 వరకు తోటపని పెద్దగా ఉన్న లాన్స్‌లాట్ బ్రౌన్ కాలంలో ఈ లోయను తవ్వారు. లోయ కొసన నిలిచిన పెద్ద ఆలయాన్ని 1747లో మొదలుపెట్టారు. 1763లో ఏడేళ్ల యుద్ధం ముగిశాక దానికి ‘సామరస్యమూ విజయమూ’ అనే అర్థం వచ్చే ఇప్పటి పేరు పెట్టారు. ముందు నిలబడి తల ఎత్తి పైనున్న త్రికోణపు ముఖాన్ని చూడండి. వంతెన గోడ నుంచి తీసిన ఫలకం అదే.

ఆలయం చుట్టూ 28 స్తంభాలున్నాయి: ముందు ఆరు, వెనుక ఆరు, ఒక్కొక్క పక్కన ఎనిమిదేసి. 1920లలో బడికి ప్రార్థనాలయం కావలసివచ్చినప్పుడు, వాస్తుశిల్పి రాబర్ట్ లోరిమర్ దాన్ని కట్టడానికి ఈ ఆలయపు పక్క వరుసల నుంచి 16 స్తంభాలను తీసుకున్నాడు. తీసిన చోట ఇటుక పనితో పైకప్పును నిలబెట్టారు. దాదాపు డెబ్బయి ఏళ్లు ఆలయం అలాగే ఉండిపోయింది. 1994–96లో నేషనల్ ట్రస్టు కొత్త స్తంభాలు చెక్కించి నిలిపింది.

కాబట్టి ఇక్కడ చేయవలసిన పని ఒకటుంది. ముందువరుస స్తంభం ఒకదాన్ని, పక్కవరుస స్తంభం ఒకదాన్ని ఎంచుకొని, రెండింటి మధ్య నాలుగైదుసార్లు అటూ ఇటూ నడవండి. స్తంభాల మీది నిలువు గాడుల అంచులు ఎక్కడ పదునుగా ఉన్నాయో, ఎక్కడ అరిగి గుండ్రబడ్డాయో చూడండి. పాత రాయిలో అక్కడక్కడా పాడైన భాగం కోసి, అదే కొలతకు కొత్త రాయి అతికిన చతురస్రాలు కనిపించవచ్చు. అతుకు దాగకుండా ఉండడం లోపం కాదు, అది మరమ్మతు చేసినవారి నిజాయితీ. స్తంభం ఒకే రాయా, లేక దిమ్మె మీద దిమ్మె పేర్చినదా అని సందులు లెక్కపెట్టి రాసుకోండి. కొత్తవాటికి రాతిపువ్వు ఎంతవరకు పట్టిందో గుర్తుపెట్టుకోండి, మళ్లీ వచ్చినప్పుడు పోల్చుకోవచ్చు. బడి ప్రార్థనాలయం తెరిచి ఉన్న రోజు దొరికితే అక్కడికీ వెళ్లండి. ఈ ఆలయానికి చెక్కిన పదహారు స్తంభాలు అక్కడ పైకప్పు నీడన, వాన తగలకుండా నిలిచి ఉన్నాయి.